రెప్ప వేయని మనిషి

ఆయన జ్ఞాపకార్థ కూడికలో మాట్లాడిన వాళ్ళందరిదీ ఒకటే మాట. పాపం, చీకట్లో బతికాడట, లోపల మాత్రం వెలుగు ఉండేదట. పాస్టరుగారు అదే అన్నారు, వెనక లైనులో ఉండే రిటైరైన మేస్త్రీ అదే అన్నాడు, ఎవరో చెన్నూరు నుంచి వచ్చిన చుట్టం కళ్ళు తుడుచుకుంటూ అదే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలి వెలుగట, నా మొహం! ఆయన ప్రాణమంతా బయటి వెలుగు మీదే. పొద్దున లేచి కుర్చీ వేసుకుని కూర్చుంటే, దీపాలు పెట్టేదాకా ఆ వాకిలి వదిలి లోపలికి పోబుద్ధి కాని మనిషి ఆయన.

లేచి ‘ఇక ఆపండయ్యా’ అందామనుకున్నాను. కానీ ముందు వరసలో ఆయన కొడుకు కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరిస్తే ఆ పిల్లవాడి నౌకరీ ఏమవుతుందో నాకు తెలుసు. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. చూసినవాళ్ళు ఏడుస్తున్నాననుకున్నారు. అనుకోనీ.

అందుకే పేరు రాయను. నస్పూర్ బొగ్గుబావుల కాలనీ అని మాత్రం చెబుతాను. ఒంట్లో ఏదో పోయి, ఇక బావిలో దిగడానికి పనికిరాడని డాక్టర్లు తేల్చేస్తే, ఆ మనిషిని ఇంటికి పంపి నౌకరీ కొడుక్కి ఇవ్వడం మా దగ్గర రివాజు. ‘అన్‌ఫిట్ అయిండు’ అంటారు. కళ్ళు పోయో, నడుము పోయో, ఊపిరి ఆడకో అన్‌ఫిట్ అయి వాకిట్లో కూర్చున్న తండ్రులు మా కాలనీల్లో లైనుకొకరుంటారు. వాళ్ళలో ఈయన ఎవరో పట్టుకోవాలనుకుంటే పట్టుకోండి. నేను మాత్రం సాయం చేయను.

మా క్వార్టరూ వాళ్ళదీ ఎదురెదురు. మధ్యన ఒక సన్నటి దారి, ఒక మురుగునీళ్ళ మోరీ. నేను వరండాలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టేదాన్ని. ఆయన వాళ్ళ వాకిట్లో ఇనుప కుర్చీలో కూర్చునేవాడు. నేను ‘అన్నా’ అనేదాన్ని, ఆయన ‘చెల్లె’ అనేవాడు. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు, మేము గుడికి పోయేవాళ్ళం, కూరగిన్నెలు మాత్రం అటూ ఇటూ దారి దాటుతూనే ఉండేవి.

తల కొంచెం పైకెత్తి కూర్చునేవాడు. ఎవరైనా మాట్లాడితే వాళ్ళ ముఖం వైపు కాకుండా చెవి పక్కన గాలి వైపు తిరిగేవాడు. బావిలో పేలుడు పెట్టినప్పుడు బొగ్గుముక్క ఎగిరొచ్చి తగిలి కుడికన్ను పోయింది, ఆ గుడ్డు తెల్లగా ఉండేది, పైన కనుబొమ్మ మీద నీలంగా ఒక గీత మిగిలింది. ఎడమకన్ను చూడ్డానికి బాగానే ఉండేది గానీ దేని వెంటా కదిలేది కాదు. ఈగ వచ్చి కంటి కొసన వాలినా రెప్ప పడేది కాదు. లైనులో పిల్లలకు అదొక ఆట. చప్పుడు చేయకుండా వచ్చి పిడికిలి ఆయన ముక్కుదాకా తెచ్చి ఆపేవాళ్ళు. ఆయన అట్లాగే కూర్చునేవాడు. నేను కత్తెర పట్టుకుని లేస్తే గానీ పోయేవాళ్ళు కాదు ఆ వెధవలు.

ఆయన నోట్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న: ఎట్లుంది? దారిన పోయేవాణ్ణి ఆపి ఆకాశం వైపు చెయ్యి ఎత్తి మొగులు ఎట్లుందని అడిగేవాడు. ఎవరైనా కొత్త చొక్కా వేసుకుంటే చెయ్యితో తడిమి రంగు ఎట్లుందనేవాడు. కూరగాయల ఆవిడ గంప దింపితే మొదలు ఇదే.

“వంకాయలు ఎట్లున్నయి బిడ్డా?”

“నిగనిగ మెరుస్తున్నయి కాకా, ఇప్పుడే తెంపినయి,” అంటూనే ఆవిడ చెయ్యి పుచ్చు వంకాయల మీద పడేది. ఆయన నవ్వుతూ సంచి పట్టేవాడు. నేను ఇటునుంచి గయ్యిమని లేచేదాన్ని. “కండ్లు లేనోనికి పుచ్చులిస్తవా? నీకు జర్రంత దేవుని భయం లేదానే?” అంటే ఆవిడ సణుక్కుంటూ మార్చేది. ఆయనే నన్ను ఊరుకోబెట్టేవాడు. “పోనీ తియ్యి చెల్లె. ఎవలకన్న ఒకలకు అంటగట్టాలె గదా ఆమె గూడ.”

గుడ్డిమనిషి ముందు ఎవరూ ముఖం సర్దుకోరు. ఈ సంగతి నాకు అప్పట్లో తట్టలేదు. ఇంటికొచ్చిన చుట్టాలు “మంచిగున్నవా బావా” అని గొంతులో తేనె పోసుకుంటూ, కళ్ళతో ఇల్లంతా జప్తు చేసేవాళ్ళు. మా ఆయన సైతం ఆయనతో నవ్వుతూ మాట్లాడుతూ నా వైపు తిరిగి ‘ఇగ మొదలుపెట్టిండు ముసలోడు’ అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసేవాడు. నేనూ తక్కువేం కాదు. ఒకరోజు మా అత్తతో పెద్ద గొడవై, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా ఉబ్బి ఉంది. “చెల్లె, మంచిగున్నవా ఇయ్యాల?” అన్నాడు. “నాకేమైందన్నా, మస్తుగున్న,” అని గొంతు సవరించుకుని మరీ చెప్పాను. “సరే,” అని ఊరుకున్నాడు.

చలికాలం ఒక పొద్దున ఆ సంగతి జరిగింది. మా దగ్గర బొగ్గుకు కొదవ లేదు కదా, పొగ పోయేదాకా బొగ్గు పొయ్యి వాకిట్లోనే రాజేసి, తర్వాత లోపలికి తీసుకుపోతాం. నేను పొయ్యి రాజేసి, వెనక్కి తిరిగి బియ్యం ఏరుకుంటున్నాను. ఒంటి మీద నైలాను చీర. లైనంతా పొగ కమ్మి ఉంది. మగవాళ్ళు డ్యూటీలకు పోయారు, ఆడవాళ్ళు నల్లా దగ్గర ఉన్నారు.

“చెల్లే! కొంగు!”

అరుపు విని తిరిగేలోపే వీపు మీద సుర్రుమంది. ఇంకా నాకు అర్థం కాకముందే ఆయన కుర్చీలోంచి లేచి, మోరీ మీదినుంచి ఒక్క దూకు దూకి, వచ్చి కొంగు పట్టి లాగి రెండు చేతులతో మంట నలిపేశాడు. కర్ర లేదు, తడుముకోవడం లేదు, అడ్డంగా ఉన్న బిందెను తప్పుకుని మరీ వచ్చాడు. ఆయన చేతులు కాలి తోలు లేచింది. అది చూసుకోలేదు ఆయన. దారి ఈ కొస చూశాడు, ఆ కొస చూశాడు. చూసి, నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

“ఎవలన్న చూసిండ్రా?”

అప్పుడు ఆ కన్ను సూటిగా నా కళ్ళల్లోకి చూసింది. అన్నేళ్ళు ఎదురెదురుగా ఉండి, ఆయన నన్ను చూడగా నేను చూడడం అదే మొదలు. భయం వేసింది నాకు. మంటకు కాదు, ఆ చూపుకు. దారి దాటి పోయి, కుర్చీ పక్కన పడి ఉన్న కర్ర తెచ్చి ఆయన చేతికిచ్చి, రెక్క పట్టుకుని నడిపించుకుంటూ పోయి కూర్చోబెట్టాను. ఆయన అడుగులో అడుగు వేసుకుంటూ, మోరీ దగ్గర ఆగి కర్రతో తడిమి, నా వెంట వచ్చాడు.

చేతులు ఎట్లా కాలాయంటే, తెలియక పొయ్యి మీద పెట్టాడని చెప్పాం. లైనులో ఆడవాళ్ళంతా వచ్చి ఆయన భార్యను, మా వదినెను, దులిపి పారేశారు. “కండ్లు లేని మనిషిని గట్ల ఇడిసిపెట్టి నల్లాకాడికి పోతవా?” వదినె తల వంచుకుని అన్నీ పడింది. అందరూ పోయాక నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. “నీ నోట్లనే ఉంది వదినె మా పిలగాని బతుకు,” అంది.

సంగతి ఇదీ. కుడికన్ను నిజంగానే పోయింది. అది పోతే దాని వెంట రెండోది కూడా పోతుందని, అట్లా కొందరికి అవుతుందని ఆస్పత్రిలో ఎవరో అంటుంటే విన్నాడు. నిజానికి ఆయనకు కాలేదు. అయిందన్నాడు. కొడుకు చదువు ఎక్కలేదు, ఊళ్ళో భూమి లేదు, ఇంకొన్నాళ్ళు ఆగితే తనే రిటైరవుతాడు, అప్పుడు కొడుక్కి ఏమీ రాదు. పిల్లవాడప్పుడు చెన్నూరులో మేనమామ ఇంట్లో ఉండేవాడు, వాడికి చెప్పలేదు. చెబితే ఎక్కడో ఒకచోట నోరు జారతాడని వాళ్ళ భయం. ఇంట్లో తలుపులు వేసుకుని నేర్చుకున్నాడట. వదినె ఎదురుగా కూర్చుని కంట్లో నీళ్ళు చిలకరించేది, వేలు కంటిదాకా తెచ్చి ఆపేది.

“రెప్ప మన మాట ఇనది చెల్లె,” అన్నాడు నాతో ఒకసారి. “అది దాని పని అది చేసుకుంటది. ఇనేటట్టు చేసుకున్న. అటెనుక మల్ల దాన్ని మామూలు చేసుకుందామంటె అయితలేదు.”

“తప్పు గదా అన్నా?” అన్నాను. నా నోరు ఆగదు కదా.

“తప్పే,” అన్నాడు. “కాదని ఎవలన్నరు?”

ఆయన అనుకున్నదేమిటంటే, పిల్లవాడు నౌకరీలో చేరి కుదురుకుంటే కొన్నాళ్ళకు ఏదో మందు వాడి కొంచెం కొంచెం చూపు వచ్చిందని చెప్పుకోవచ్చని. అది కాలేదు. దొంగ అన్‌ఫిట్‌ల మీద ఎంక్వయిరీ పడుతుందని కాలనీలో పుకారు లేచింది. ఒకసారి చల్లారేది, ఇంకోసారి లేచేది. లైనులోకి తెలియని జీపు వస్తే ఆయన మెడ బిగుసుకుపోయేది. ఎవరింట్లోనో పుట్టిన పిల్లాణ్ణి చూడ్డానికి చుట్టాలు వచ్చిన జీపైనా సరే. కొడుక్కి పెళ్ళయింది, పిల్లలయ్యారు. ఇక ఎట్లా బయటపడతాడు? అబద్ధం చెప్పింది ఒక్కనాడే, కాపలా మాత్రం రోజూ కాయాల్సి వచ్చింది.

నాకు తెలిసిపోయిన తర్వాత ఆయనకు ఒక ఆధారం దొరికినట్టయింది. ఎవరూ లేనప్పుడు చూసినవన్నీ నాతో చెప్పుకునేవాడు. ఫలానా ఆయన తాగి పోతూ కరెంటు స్తంభానికి దండం పెట్టాడని, పాలవాడు బోరింగు దగ్గర ఆగి క్యాను మూత తీశాడని. నవ్వీ నవ్వీ నాకు కడుపునొప్పి వచ్చేది. కానీ ప్రతిదానికీ చివర ఒక మాట అడిగేవాడు. “నువ్వు సూసినవా?” నేను చూశానంటే ముఖం వెలిగేది. చూడలేదంటే ఊరుకోలేకపోయేవాడు.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి అడిగాడు. “చెల్లె, నిన్న ఎండపొద్దుల గా నీళ్ళ ట్యాంకు మీదికి నెమలి వచ్చింది. పురి ఇప్పింది. నువ్వు సూసినవా?”

“లేదన్నా. లోపల పండుకున్న.”

“ఎవలన్న అనుకున్నరా నెమలొచ్చిందని?”

“ఎవలనలే.”

“అయితే రాలేదేమో,” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. “అదేందన్నా? నువ్వు చూసినవు గదా.”

“సూసిన. నేను సూస్తె ఏం లాభం? నేను సూసింది ఒప్పుకునేటోళ్ళు ఉండాలె గదా.” కర్ర ఒళ్ళో పెట్టుకుని అన్నాడు: “మీరంత ఒకటి సూస్తరు. గది గట్లనే ఉందని పక్కోడు గూడ అంటడు. గందుకే అది నిజమైతది మీకు. నాకు పక్కోడు లేడు. మొదట్ల బాగనే ఉండె. గిప్పుడు గిప్పుడు, సూసిన్నా, సూసిన్నని అనుకున్ననా అని పరేషాన్ అయితది. తల తిరుగుతది చెల్లె.”

ఆ రోజు నేను మిషను ఆపి చాలాసేపు ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. కన్ను ఉంటే చాలు కనిపిస్తుందని అనుకున్నాను నేను అప్పటిదాకా. మనకు కనిపించేదాంట్లో సగం పక్కవాళ్ళు అవునంటేనే నిలబడుతుందని ఆ మనిషిని చూశాకే తెలిసింది. వెళ్ళి ట్యాంకు కింద వెతికాను. ఈక ఒక్కటన్నా దొరికితే తెచ్చి చూపిద్దామని. దొరకలేదు. దొరికిందని అబద్ధం చెబుదామా అనిపించింది గానీ, అబద్ధాలు ఆయనకు ఇప్పటికే చాలా ఎక్కువయ్యాయి.

చర్చికి పోయేవాడు గానీ ప్రభువు బల్ల దగ్గరికి పోయేవాడు కాదు. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చేటప్పుడు అందరూ లేస్తే ఈయన మోకాళ్ళ నొప్పులని కూర్చుండిపోయేవాడట. వదినె ఒకటే బాధపడేది. నేను అడిగాను, ఎందుకట్లా అని. “గా బల్లకాడికి గుడ్డోని లెక్క పోలేను, కండ్లున్నోని లెక్క పోలేను. ఎట్ల పోవాలె మరి?” అన్నాడు.

అట్లాంటి మనిషిని పట్టుకుని ఒకసారి స్వస్థత కూడికకు లాక్కుపోయారు. ఎక్కడినుంచో పెద్ద ప్రసంగీకుడు వచ్చాడు, ఆయన చెయ్యి పెట్టి ప్రార్థిస్తే రోగాలు పోతాయట. తీసుకుపోదామని పట్టుబట్టింది కొడుకే. కాళ్ళ మీద పడి బతిమాలాడు. వద్దంటే ఏమని చెబుతాడు తండ్రి? తోడుగా నేనూ పోయాను. గ్రౌండులో షామియానా, మైకులు, కుర్చీలు చాలక చాపలు. కొడుకు మూడు రోజులు ఉపవాసం ఉన్నాడు, ముఖం పీక్కుపోయింది.

ఆయన్ని స్టేజీ ఎక్కించారు. ప్రసంగీకుడు రెండు బొటనవేళ్ళు కళ్ళ మీద పెట్టి గట్టిగా ప్రార్థించాడు. షామియానా కింద అందరూ ఏడుస్తున్నారు. కొడుకు స్టేజీ ముందే మోకాళ్ళ మీద చేతులెత్తి ఉన్నాడు. అతని చెంపలంతా తడి. ప్రసంగీకుడు వేళ్ళు తీసి, మైకు ఈయన మూతి దగ్గర పెట్టాడు.

“చెప్పు సహోదరుడా! ఏం కనిపిస్తున్నది?”

జనమంతా గప్‌చుప్. వదినె నా చెయ్యి పట్టుకుంటే గోళ్ళు దిగాయి. ఆయన తల వంచి, కింద మోకాళ్ళ మీద ఉన్న కొడుకు వైపు తిరిగాడు.

“నా కొడుకు ఏడుస్తుండు,” అన్నాడు.

షామియానా లేచిపోయేట్టు హల్లెలూయా అరిచారు. కొడుకు ఒక్క ఉరుకున స్టేజీ ఎక్కాడు. “బాపూ! కనవడుతున్ననా బాపూ!” అని ఆయన్ని చుట్టేసుకున్నాడు. అప్పుడు ఆయన ముఖం నేను చూశాను. ఆ కన్ను మళ్ళీ గాలిలోకి తిరిగింది.

“లేదు బిడ్డా,” అన్నాడు మైకులోనే. “నీ ఏడుపు ఇనవడ్డది. గంతే.”

ప్రసంగీకుడు విశ్వాసం చాలలేదన్నాడు. మర్నాడు నేను ఆయన్ని బాగా తిట్టాను. “గంతమందిల నోరు ఎట్ల జారినవన్నా?” అంటే, “దేవుని ముందట సూడలేదని ఎట్లనాలె చెల్లె? నా కండ్ల ముందట ఏడుస్తుండు వాడు,” అన్నాడు. తర్వాత చాలా రోజులు వాకిట్లో కూర్చోలేదు.

వదినె పోయిన రోజు ఇంకా ఘోరం. పెట్టె మూసేముందు, చూడలేడు కదా కనీసం తడమనిద్దామని ఆయన చెయ్యి పట్టుకుని ఆమె ముఖం మీద పెట్టారు. ఎవరో పెద్దమనిషి, పాపం మంచివాడే, “ఇగో, ఇది నుదురు, ఇది ముక్కు” అని చెబుతూ ఆ వేళ్ళను నడిపించాడు. ఆయన అట్లాగే నడవనిచ్చాడు. కన్ను మాత్రం ఎత్తి ఎక్కడో షెడ్డు రేకుల వైపు పెట్టుకున్నాడు. భార్య ముఖం చివరిసారి చూసుకోవడానికి కూడా ఆ మనిషికి దారి లేకపోయింది. నాకు ఆ కాలనీ మీద, కంపెనీ మీద, ఆయన మీద, అందరి మీదా కోపం వచ్చింది. ఎవర్ని ఏమనాలో తెలియక ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తి కొట్టాను.

ఆమె పోయాక సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

ఆ తర్వాతే ఆయన ఒకరోజు పిలిచి, “చెల్లె, నీ మిషను మీద గుడ్డ పచ్చదా, నీలిదా?” అన్నాడు. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. కాదు. ఎడమకంట్లో పొర వస్తోంది. ముసలితనానికి అందరికీ వచ్చే శుక్లమే, మోతీబిందు అంటాం మేము. చిన్న ఆపరేషను చేస్తే పోతుంది. కానీ గుడ్డివాడు మోతీబిందు వచ్చిందని ఎట్లా తెలిసిందంటాడు? చేయించుకుంటే చూపు వస్తుంది. చూపు వస్తే, ఇన్నేళ్ళూ ఆ కన్ను బాగానే ఉందని ఏ డాక్టరైనా పట్టేస్తాడు. కొడుకు నౌకరీకి అదే చాలు. ఆయన భయం అది.

పొర ముదిరి నిజంగానే చీకటైంది. నవ్వకండి గానీ, అబద్ధపు గుడ్డివాడిగా ఉన్నంత బాగా నిజం గుడ్డివాడిగా ఉండలేకపోయాడు. గడప తట్టుకునేవాడు, అన్నం మీద కాక కంచం పక్కన చెయ్యి పెట్టేవాడు, మోరీలో పడ్డాడు. వయసు మీద పడింది, పట్టు తప్పిందని అనుకున్నారు లైనంతా. ఇప్పుడు ఆయన అడిగిన ప్రతిదానికీ నేను ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. మొగులు ఎట్లుందో, ఎవరి ముఖంలో ఏముందో, నా నెత్తిమీద ఎంత తెలుపొచ్చిందో కూడా.

ఒక ఆదివారం కంటి డాక్టర్ల క్యాంపు పెడితే కొడుకు, నాకు గానీ ఆయనకు గానీ చెప్పకుండా, తిప్పుకొద్దామని బండి ఎక్కించుకుని తీసుకుపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ పిల్లవాడి సంబరం చూడాలి. దారి ఆ కొసనుంచే అరిచాడు. “అత్తా! ఎడమ కంటికి ఉత్త మోతీబిందేనట! తీస్తె బాపుకు కనవడతదట!”

తండ్రి బండి దిగి కర్ర కోసం చెయ్యి చాపాడు. “నాకొద్దు,” అన్నాడు.

“ఎందుకొద్దు బాపూ? నొప్పుండది. పొద్దున పోతె పొద్దుమీకి ఇంట్ల ఉంటవు.”

“వద్దన్న గదా.”

“నా పిల్లల మొఖాలు సూస్తవు బాపూ. ఎన్నడు సూడలేదు నువ్వు.”

ఆ పిల్లలు ఎట్లా ఉంటారో, పెద్దదాని ముందుపళ్ళు ఎప్పుడు ఊడాయో నాకు చెప్పిన మనిషి ఆయన. కొడుకు ముఖం మాడిపోయింది. “నన్ను సూడబుద్ధి అయితలేదా నీకు?” అన్నాడు. ఆయన కర్ర తడుముకుంటూ లోపలికి పోయాడు. కొడుకు బండి పట్టుకుని దారి మధ్యలో నిలబడ్డాడు. నేను మిషను తొక్కుతూ కూర్చున్నాను. దారం ఎప్పుడో తెగిపోయింది, నేను చూసుకోలేదు.

ఆ తర్వాత తండ్రీకొడుకుల మధ్య మాట పొడిపొడిగా అయింది. తిన్నావా అంటే తిన్నా. అంతే. వానల్లో జ్వరం పట్టుకుని, ఆస్పత్రిలో నాలుగు రోజులుండి, ఆయన అట్లాగే పోయాడు.

జ్ఞాపకార్థ కూడిక అయిన రోజు సాయంత్రం కొడుకు మా ఇంటికి వచ్చాడు. భోజనాల్లో మిగిలిన బిర్యానీ డబ్బాలో పెట్టి తెచ్చాడు. ఇచ్చి పోతాడనుకున్నాను. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

“అత్తా, ఒక్కటడుగుత. నీతోని బాపు అన్ని చెప్పుకునేటోడు. ఆపరేషన్ ఎందుకొద్దన్నడు?”

“భయమైందేమో బిడ్డా.”

“బాయిల పై కప్పు కూలుతుంటె పక్కోన్ని గుంజుకొచ్చిన మనిషికి భయమా?” అన్నాడు. “తన కండ్లు పోతెనే నాకు నౌకరి వచ్చిందని నా మీద కోపముండె అత్తా ఆయనకు. నా మొఖం సూడొద్దనుకున్నడు. నాకెరుకే. నువ్వు దాయకు.”

ఏం చెప్పాలి? నిజం చెబితే, రేపటినుంచి అతను బావిలో దిగే ప్రతిరోజూ దొంగసొమ్ము తింటున్నట్టు దిగాలి. చెప్పకపోతే, తండ్రికి తన ముఖం చూడ్డం ఇష్టం లేదని నమ్ముతూ ముసలివాడవుతాడు. వదినె నా చేతులు పట్టుకుని నా నోట్లో పెట్టిపోయింది ఇదే. ఆ తల్లి బతికుంటే ఏమనేదో అని ఆలోచించాను. అతని ముఖం చూస్తూ కూర్చున్నాను.

కనుబొమ్మ మీద నీలంగా ఒక గీత ఉంది. బావిలో దెబ్బ తగిలితే బొగ్గుపొడి లోపలే ఉండిపోయి, గాయం అట్లా నీలంగా మానుతుంది. మా మగవాళ్ళందరికీ ఒంటిమీద ఎక్కడో ఒకచోట ఉంటుంది.

“గిది ఎన్నటిది?” అన్నాను.

అతనికి అర్థం కాలేదు. “గిదా? నౌకరి ఎక్కిన రెండో ఏడు. మీదికెల్లి బొగ్గు పెళ్ళ పడ్డది. ఎందుకత్తా?”

“మీ బాపుకు చెప్పినవా?”

“లేదు. ఫికర్ చేస్తడని అవ్వకు గూడ చెప్పద్దన్న. కండ్లు లేనోనికి చెప్పి ఎందుకు బాధపెట్టుడని.”

“అది మానినంక మీ బాపు నాతోని ఒక మాటన్నడు బిడ్డా,” అన్నాను. “‘వాని మొఖంల నా పోలిక యాడ లేకుండె చెల్లె, గిప్పుడొచ్చింది’ అన్నడు.”

అతని చెయ్యి మెల్లగా లేచి కనుబొమ్మ మీదికి పోయింది. ఆ గీత మీద వేలు పెట్టుకుని అట్లాగే ఉన్నాడు.

“ఎవలు చెప్పిండ్రు బాపుకు?” అన్నాడు.

“ఎవలు చెప్పలే బిడ్డా.”

బయట పిల్లలు ఆడుకుంటున్నారు. అతను లేచి, డబ్బా నా చేతికిచ్చి, గడప దగ్గర ఆగాడు.

“రేపు నాకు మొదటి షిఫ్ట్ అత్తా,” అన్నాడు. పోతానని చెబుతున్నాడా, ఎట్లా పోవాలని అడుగుతున్నాడా అనేది నాకు తెలియలేదు.

“పో బిడ్డా,” అన్నాను.